కొండ ఊరికి రోడ్డు: నిధుల ఫైలు నుంచి తూముల దాకా

పాడేరు ఏజెన్సీలో మా పంచాయతీ కింద కొండ మీద మూడు గూడేలున్నాయి. పై గూడెం, నడిమి గూడెం, కింది గూడెం అని పిలుస్తాం. కింద తారు రోడ్డు నుంచి పైకి 2.2 కిలోమీటర్ల కాలిబాట, మధ్యలో రెండు గెడ్డలు (కొండ వాగులు). వానాకాలంలో గెడ్డ పొంగితే పైవాళ్లు సంతకు దిగలేరు. పురిటి నొప్పులొస్తే డోలీయే గతి. 108 బండి కింద రోడ్డు మీద ఆగుతుంది, మగవాళ్లు భుజాలు మార్చుకుంటూ మోసుకొస్తారు. నేను ఇక్కడి గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ని. ఈ బాటను రోడ్డు చేయడానికి ప్రభుత్వ నిధులు ఎలా వెతికామో, ఏ కాగితం దగ్గర ఆగామో, ఏ కొలతతో కదిలామో ఎప్పటికప్పుడు రాసుకున్న నోట్సు ఇది. ఇదే పనిలో ఉన్న మరో సచివాలయం వాళ్లకో, సర్పంచ్‌కో, ఊరి కుర్రాళ్లకో పనికొస్తుందని కొంచెం వివరంగానే పెడుతున్నాను.

డిసెంబర్: ఏ పద్దులోంచి?

రోడ్డు కావాలని అర్జీ ఎవరైనా రాస్తారు. ఏ పద్దు కింద అడగాలో తేల్చుకోకుండా రాసిన అర్జీ మాత్రం టేబుళ్ల మీద తిరుగుతూనే ఉంటుంది. అందుకని ముందు సర్పంచ్ గారితో కూర్చుని ఉన్న దారులన్నీ ఒక కాగితం మీద పెట్టుకున్నాం.

పంచాయతీ ఖాతాలో నేరుగా పడేవి ఆర్థిక సంఘం నిధులు. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో (2026 మార్చి దాకా) 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టేసి ఉండేది. వీధి దీపాలైనా, రోడ్డు మరమ్మతైనా మిగిలిన 40 శాతంలోంచే. మాకు ఏడాదంతా వచ్చే ఆ భాగం మొత్తం పెట్టినా ఈ కొండ దారిలో ఒక మంచి కల్వర్టు కూడా పైకి లేవదు. రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలుంటే అందులో 13వది రోడ్లు, కల్వర్టులు, వంతెనలు. బాధ్యత కాగితం మీద ఉంది, దానికి తగ్గ డబ్బు పంచాయతీ చేతిలో లేదు. కొండ ఊళ్లు ఇన్నేళ్లు వెనకబడటానికి నా దృష్టిలో ఇదొక పెద్ద కారణం.

ఉపాధి హామీలో కూలికి 60, సామగ్రికి 40 నిష్పత్తి. ఊళ్లోపల సీసీ రోడ్లకు ఆ సామగ్రి వాటా బాగా పనికొస్తుంది. 2024 అక్టోబర్‌లో మొదలైన పల్లె పండుగ పనులు ఆ డబ్బుతో జరిగినవే. కొండ తవ్వి, గెడ్డ మీద వంతెన కట్టే పనికి అది చాలదు. ఎంపీ గారి నిధి ఏడాదికి 5 కోట్లు, దాన్ని నియోజకవర్గం మొత్తానికి సర్దాలి. నాబార్డు ద్వారా 1995-96 నుంచి నడుస్తున్న ఆర్‌ఐడీఎఫ్ (గ్రామీణ మౌలిక వసతుల నిధి)లో గ్రామీణ రోడ్లు, వంతెనలు వస్తాయి గానీ అది రాష్ట్రం తీసుకునే అప్పు. ఏ పని పెట్టాలన్నది రాష్ట్ర స్థాయిలో తేలుతుంది.

మిగిలింది ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన. 2000 డిసెంబర్ 25న మొదలైనప్పుడు ఖర్చంతా కేంద్రానిదే. 2015-16 నుంచి మన రాష్ట్రం లాంటి వాటికి కేంద్రం 60, రాష్ట్రం 40 అయింది. నాలుగో దశకు కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబర్ 11న ఒప్పుకుంది. 2024-25 నుంచి 2028-29 లోపు ఇంకా రోడ్డు లేని 25,000 ఆవాసాలకు 62,500 కిలోమీటర్ల రోడ్లు వేయాలన్నది లక్ష్యం. మొత్తం 70,125 కోట్లు, అందులో కేంద్రం వాటా 49,087.50 కోట్లు. వంతెనల ఖర్చూ ఇందులోదే. లెక్కేస్తే కిలోమీటరుకు సగటున 1.12 కోట్లు పడుతుంది. మా దారికి సరిపడే పద్దు ఇదొక్కటే అని ఆ రోజే ఖాయం చేసుకున్నాం. మిగతా చోట్ల చిన్న చిన్న అర్జీలు పెట్టి బలం చెదరగొట్టుకోకూడదని సర్పంచ్ గారు గట్టిగా అన్నారు. నాకూ అదే సరైనదనిపించింది.

జనవరి: మూడు గూడేలు, ఒక లెక్క

ఈ పథకంలో ముందు అడిగేది జనాభా. 2011 లెక్కల ప్రకారం మైదాన ప్రాంతంలో 500 మంది, ఐదో షెడ్యూలు గిరిజన ప్రాంతంలో 250 మంది ఉన్న ఆవాసమై ఉండాలి. తీవ్రవాద ప్రభావిత జిల్లాల్లో కొన్నిచోట్ల 100 మంది ఉన్నా చాలు. మేం 250 కొలమానం మీదే నిలబడదామనుకున్నాం.

మా గూడేల్లో ఏదీ విడిగా 250 దాటదు. పై గూడెం 97, నడిమి గూడెం 118, కింది గూడెం 64. పాత జాబితాలో మూడూ వేరువేరు వరుసల్లో ఉన్నాయి, అందుకే మొదటి దశ నుంచీ ఎప్పుడూ ఎవరి కంటా పడలేదు. అయితే 500 మీటర్ల వ్యాసార్ధంలో ఉన్న గూడేలను కలిపి ఒకే ఆవాసంగా లెక్కించొచ్చని పథకం మార్గదర్శకాల్లోనే ఉంది. కలిపితే 279.

ఇక్కడ చేయాల్సిన పని దూరం నిరూపించడం. నడిమి గూడెం రచ్చబండను మధ్య బిందువుగా తీసుకుని, జీపీఎస్‌తో మూడు చోట్లా అక్షాంశ రేఖాంశాలు పట్టాను. పై గూడెం 420 మీటర్లు, కింది గూడెం 460 మీటర్లు. ఫోన్ జీపీఎస్ చెట్ల కింద ఊగుతుంది కాబట్టి ఆరుబయట నిలబడి చాలాసేపు ఆగి, ఒకే రీడింగ్ మళ్లీ మళ్లీ వచ్చాకే రాసుకున్నాను. ప్రతి చోటా ఫొటో, అందులో ఊరి మనిషి, వెనక ఇళ్లు కనబడేలా.

2011 నాటి మనుషుల లెక్కకు అంగన్‌వాడీ అక్క దగ్గర దాచిన పాత సర్వే పుస్తకాలు ప్రాణం పోశాయి. ఇంటి పెద్ద పేరు, ఇంట్లో ఎందరు, పుట్టిన తేదీలు, అన్నీ ఆవిడ చేతి రాతలో ఉన్నాయి. వాటిని ఆ ఏడాది ఓటర్ల జాబితాతో సరిచూసి, ఎంపీడీఓ గారి సంతకంతో జత చేశాం. నిధుల ఫైలులో అన్నిటికన్నా బలమైన కాగితం ఏదంటే నేను ఆ అంగన్‌వాడీ పుస్తకమే అంటాను. ఊళ్లో పాత రిజిస్టర్లు ఎవరి దగ్గరున్నా పారేయొద్దని చెప్పండి.

తర్వాత సర్వే బృందం వచ్చి యాప్‌లో మూడు గూడేలనూ ఒకే ఆవాసంగా నమోదు చేసింది. మా దగ్గర రీడింగులు సిద్ధంగా ఉండటంతో వాళ్ల పని తేలికైంది.

ఫిబ్రవరి, మార్చి: కొండను చదవడం

కాలిబాట ఉన్నచోటే రోడ్డు వేసేస్తే సరిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. మనిషి కాలు దగ్గర దారి వెతుకుతుంది, బండికి వాలు కావాలి. కింద తారు రోడ్డుకూ పై గూడేనికీ ఎత్తు తేడా 170 మీటర్లు. ఎత్తులు కొలిచే ఆటో లెవెల్, స్టాఫ్ పట్టుకుని చూస్తే కాలిబాట కొన్నిచోట్ల 100 మీటర్లకు 15 మీటర్లు లేస్తోంది. నిటారైన కొండల్లో రోడ్డుకు 6 శాతం వాలు మామూలు, తప్పనిసరైతే 7, మరీ తప్పకపోతే కొద్ది దూరం 8. నిండు గర్భిణిని ఎక్కించుకున్న అంబులెన్సు తడి రోడ్డు మీద దిగాలంటే ఇవి దాటకూడదు. కాబట్టి రోడ్డు కొండను చుట్టుకుంటూ 3.4 కిలోమీటర్లవుతుంది. అప్పుడు సగటు వాలు 5 శాతం.

డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) రాసే ముందు ఊరివాళ్లతో కలిసి దారి పొడవునా నడవాలన్నది ఈ పథకంలో తప్పనిసరి నియమం. పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు, సర్పంచ్, వీఆర్వో, అటవీ శాఖ బీట్ ఆఫీసరు, భూమి ఉన్న రైతులు, మహిళా సంఘం వాళ్లు, అందరం నడిచాం. ఇది మొక్కుబడిగా చేసే పని కానే కాదు. గీత ఎక్కడ గీయాలో ఆ రోజే తేలుతుంది, ఎవరి భూమి పోతుందో వాళ్లకు ఆ రోజే తెలుస్తుంది. నడిచేటప్పుడు వార్డు మెంబరు మామ ప్రతి మలుపులో ఆగి చూపించాడు. ఇక్కడ ఊట ఉంది, అక్కడ పోయిన ఏడాది కొండ జారింది, ఇటు పశువుల దారి, అటు శ్మశానం. మ్యాపులో ఇవేవీ కనబడవు. నా పుస్తకంలో ఆ రోజు రాసుకున్నవే తర్వాత డ్రాయింగులో తూములుగా (రోడ్డు కింద నీళ్లు పోయే దారులుగా), గోడలుగా మారాయి.

ఏప్రిల్ నుంచి జూలై: ఒక్క హెక్టారు

ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా ఎక్కువ తల బద్దలు కొట్టుకున్నది ఇక్కడే.

రోడ్డులో కొంత భాగం రిజర్వు అడవిలోంచి పోవాలి. మామూలుగా అడవి భూమి వాడాలంటే కేంద్రం అనుమతి ప్రక్రియ మొత్తం నడవాలి, చాలా సమయం పడుతుంది. అటవీ హక్కుల చట్టం 2006లో 3(2) అనే సెక్షన్ ఒకటుంది. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, తాగునీటి పైపులు, రోడ్డు లాంటి 13 రకాల సౌకర్యాలకు ఒక్కోదానికి హెక్టారు లోపు అడవి భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, గ్రామ సభ సిఫారసు మీద ఇవ్వొచ్చు. డీఎఫ్ఓ (డివిజన్ అటవీ అధికారి) స్థాయిలోనే నిర్ణయం అయిపోతుంది. గిరిజన గ్రామాల వాళ్లందరికీ తెలియాల్సిన సెక్షన్ ఇది.

హెక్టారంటే 10,000 చదరపు మీటర్లు. ఇక లెక్క మొదలైంది. వాహనాలు తక్కువుండే ఇలాంటి దారికి తారు వెడల్పు 3 మీటర్లు, రెండు పక్కల భుజాలు (తారు పక్కనుండే మట్టి అంచులు) కలిపి 6 మీటర్లు. కొండవైపు సైడు కాలువ, లోయవైపు పిట్టగోడ, తవ్విన గట్టు వాలు కలుపుకుంటే భూమి సగటున 8 మీటర్లు కావాలి. మొదట అనుకున్న గీత అడవిలో 1,500 మీటర్లు పోతోంది. 1,500ను 8తో గుణిస్తే 12,000. హెక్టారు దాటిపోయింది.

వెడల్పు 6 మీటర్లే రాసేయమని ఒకరు సలహా ఇచ్చారు. అలా రాస్తే 9,000 చదరపు మీటర్లే అవుతుంది. పని జరిగేటప్పుడు జేసీబీ కాలువ కోసం తవ్వగానే బీట్ ఆఫీసరు ఆపేస్తాడు, ఆపడం న్యాయం కూడా. ఇంకొకరు దారిని రెండు ముక్కలు చేసి రెండు ఫైళ్లు పెట్టమన్నారు. చట్టం గిరిజనుల మేలు కోసం ఇచ్చిన వెసులుబాటును అలా సాగదీస్తే రేపు నిజంగా అవసరమైన ఊరికి కూడా అనుమానంతోనే చూస్తారు. ఏఈ గారూ అదే మాట అన్నారు. మిగిలింది గీత మార్చడం.

రెండో హెయిర్‌పిన్ మలుపును కాస్త కిందికి లాగితే రోడ్డు అడవి అంచు వదిలి రెవెన్యూ పట్టా భూమిలోకి వస్తుంది. అడవిలో పొడవు 1,150 మీటర్లకు తగ్గుతుంది, విస్తీర్ణం 9,200 చదరపు మీటర్లు. ఎదురొచ్చే బండ్లకు దారిచ్చే పాసింగ్ స్థలాలు, మలుపు దగ్గర అదనపు వెడల్పు కలిపినా 9,500 దాటలేదు. గొడ్డలి పడాల్సిన చెట్లు లెక్కపెడితే 46. ఆ విస్తీర్ణానికి హద్దు 71. కాగితం మీద అంతా కుదిరింది.

కొత్త గీత పోయేది నలుగురు రైతుల కాఫీ తోటల్లోంచి. 380 మీటర్ల పొడవు, దాదాపు 75 సెంట్ల భూమి. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. ఈ పథకం డబ్బులోంచి భూమికి పరిహారం ఒక్క రూపాయి ఇవ్వరు. భూమి చూపించే బాధ్యత రాష్ట్రానిది, ఊరిది. కోట్ల రూపాయల పనిలో, ఉన్నదే ఎకరా అయిన రైతు భూమికి పద్దు లేకపోవడం ఈ పథకంలో నాకు మింగుడుపడని లోటు. రోడ్డు ఊరందరిదీ, నష్టం నలుగురిది. దీన్ని మార్గదర్శకాల్లోనే సరిదిద్దాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆ నలుగురిలో పెద్ద ముసలమ్మ దగ్గరికి సర్పంచ్ గారు, నేను వెళ్లాం. గీత ఎక్కడ పోతుందో తోటలో మేకులు కొట్టి, తాడు కట్టి చూపించాను.

“అమ్మమ్మా, నీకు ఇష్టం లేకపోతే లేదని చెప్పు. బలవంతం లేదు. ఇంకో దారి వెతుకుతాం” అన్నాను.

ఆవిడ తాడు వెంట చివరిదాకా నడిచి వచ్చింది. “రోడ్డు వద్దంటానా బాబూ? నా కోడల్ని డోలీలో దింపినప్పుడు గెడ్డ కాడ ఆగిపోనాం. రోడ్డు రావాల. కానీ ఇన్నాళ్లు పెంచినోళ్లకి చెట్టు పోతే ఏటవుతాదో అది కూడా నీ పుస్తకంలో రాసుకో” అంది.

రాసుకున్నాను. ఆవిడ పెట్టిన షరతులు కూడా రాసుకున్నాను. కాఫీ పళ్లు కోసుకున్నాకే తోటలోకి మిషన్ రావాలి. తోట పైనున్న ఊట నీళ్లు రోడ్డు కాలువలోకి పోకుండా కింద పొలంలోకే రావాలి. పోయిన మొక్కలకు బదులు కొత్త మొక్కలు వేయించాలి. మొదటి దానికి కోత జనవరికి అయిపోతుంది కాబట్టి ఫిబ్రవరి ముందు అక్కడ పని వద్దని షెడ్యూలులో పెట్టించాం. రెండోదానికి ఊట దగ్గర విడిగా ఒక పైపు. మూడోదానికి నలుగురి భూముల్లో మొక్కల పెంపకం పని ఉపాధి హామీ ప్రణాళికలో ఎక్కించాం. ఎస్టీ కుటుంబాల సొంత భూమిలో ఆ పనికి వీలుంది. అయినా కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, ఆ నాలుగేళ్ల ఆదాయానికి మా దగ్గర జవాబు లేదు. నలుగురూ సంతకాలు పెట్టారు. వాళ్ల పేర్లు రోడ్డు బోర్డు పక్కన రాయించాలని పంచాయతీ తీర్మానం చేసింది.

గ్రామ సభకు సభ్యుల్లో సగం మందికి తగ్గకుండా రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. సంత లేని రోజు చూసి సాయంత్రం పెట్టాం. ఆడవాళ్లే ఎక్కువమంది వచ్చారు. డోలీ బాధ తెలిసింది వాళ్లకే. తీర్మానం చదివి వినిపించి, ఒడియా మాండలికం మాట్లాడే పెద్దవాళ్లకు వాళ్ల భాషలో చెప్పించి, హాజరు పట్టీతో సహా జత చేశాం. ప్రతి ఒక్కరి వేలిముద్ర ఎదురుగా ఇంటి నంబరు.

ఫైలు ఒక ఆఫీసు నుంచి వెనక్కొచ్చింది. పూర్తి స్థాయి అటవీ అనుమతికి దరఖాస్తు పెట్టమని కొర్రీ. రోడ్డు పథకాన్ని చూశారు గానీ విస్తీర్ణం చూడలేదు. మేం వాదనకు దిగకుండా ఒకే పేజీ సమాధానం పంపాం. పైన సెక్షన్ 3(2) నిబంధన, కింద విస్తీర్ణం పట్టిక, ఆ కింద చెట్ల లెక్క, చివర గ్రామ సభ తీర్మానం తేదీ. చదివేవాళ్లకు పేజీ తిప్పే పని లేకుండా చేశాం. రేంజ్ ఆఫీసరు గారు చోటు చూసి వెళ్లాక అనుమతి వచ్చింది. నిధుల పనిలో నేను అందరికీ చెప్పేది ఇదే: కొర్రీకి కొర్రీలో అడిగినదానికే జవాబు రాయండి, అంకెలతో రాయండి.

ఆగస్టు, సెప్టెంబర్: నీళ్ల దారి

వానలు పడుతున్నప్పుడే డీపీఆర్‌కు కావాల్సిన నీటి కొలతలు తీసుకోవాలి. కొండ రోడ్డును పాడుచేసేది బండ్ల బరువు కన్నా నీళ్లు. ఎస్టిమేట్ ఎక్కువైందని ఎక్కడైనా కోత పెట్టాల్సొస్తే ముందు కత్తిరించేది తూములనీ కాలువలనీ. ఇది నేను చాలా రోడ్ల మీద చూశాను. రెండేళ్లు తిరక్కుండా తారు కింద మట్టి కొట్టుకుపోతుంది.

గెడ్డ దగ్గర ఊరివాళ్లను నిలబెట్టి, పెద్ద వరదలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూపించమన్నాను. వెదురు పొదల్లో చిక్కుకున్న చెత్త, బండ మీద మిగిలిన ఒండ్రు గీత, మామ చెప్పిన చెట్టు, మూడూ దాదాపు ఒకే మట్టంలో ఉన్నాయి. దాన్నే అత్యధిక వరద మట్టంగా లెవెల్ తీసుకున్నాం. చిన్న గెడ్డకు 6 మీటర్ల స్లాబ్ కల్వర్టు సరిపోతుంది. పెద్ద గెడ్డకు 12 మీటర్లు కావాలి. 6 మీటర్లు దాటితే దాన్ని చిన్న వంతెనగా లెక్కేస్తారు, డిజైనూ పరిశీలనా వేరు.

ఖర్చు తగ్గించడానికి పెద్ద గెడ్డ మీద కాజ్‌వే వేద్దామన్న మాట వచ్చింది. నీళ్లు పైనుంచి పోతాయి, తగ్గాక బండ్లు వెళ్తాయి. దీనికి మాత్రం నేను ఒప్పుకోలేకపోయాను. ఆ ఊరికి రోడ్డు కావాల్సింది గెడ్డ పొంగినప్పుడే కదా. ఈ పథకం పేరు పెట్టి చెప్పేది అన్ని కాలాల్లో నడిచే రోడ్డు అని. తారు లేకపోయినా ఫర్వాలేదు గానీ గెడ్డ దాటే కట్టడం లేకపోతే అది అన్ని కాలాల రోడ్డు కాదు. ఈ మాటే రాసి, వరద మట్టం లెవెల్స్ జత చేసి, ఏఈ గారి పై ఇంజనీరు డీఈ గారికి ఇచ్చాం. వంతెన నిలిచింది.

చిన్న తూములకు 1000 ఎంఎం హ్యూమ్ (సిమెంటు కాంక్రీటు) పైపులే పెట్టించాం. 600 ఎంఎం వేస్తే ఖర్చు తగ్గుతుంది, కానీ ఆకులు, రాళ్లు చేరితే లోపలికి మనిషి దూరి తీయలేడు. కొండ తూముకు పూడిక తప్పదు. పై వాలు నీళ్లు రోడ్డు మీద పడకుండా గట్టు పైనే అడ్డ కాలువ, మూడు చోట్ల రాతి గోడలు, వానెక్కువుండే ప్రాంతం కాబట్టి తారుకు నీళ్లు పక్కకు జారేలా 3.5 శాతం అడ్డ వాలు.

మట్టి నమూనాలు ల్యాబ్‌కు పంపాం. మట్టి ఎంత బరువు మోయగలదో చెప్పే సీబీఆర్ పరీక్షకు మట్టిని 4 రోజులు నీళ్లలో నానబెట్టి చూస్తారు. మొత్తానికి 6 వచ్చింది, ఓ మాదిరి మట్టి. ఊట ఉన్న చోట మాత్రం 3కు పడిపోయింది. ఆ 90 మీటర్లలో పాత మట్టి తీసేసి గ్రావెల్ నింపేలా విడిగా రాయించాం. డీపీఆర్‌ను రాష్ట్ర సాంకేతిక ఏజెన్సీగా ఉన్న ఇంజనీరింగ్ విద్యాసంస్థ ప్రొఫెసర్లు పరిశీలించారు. వాళ్లు అడిగిన ప్రశ్నల్లో ఎక్కువ నీటికి సంబంధించినవే. మా దగ్గర లెవెల్స్ ఉన్నాయి.

అక్టోబర్ నుంచి జనవరి: మంజూరు, టెండరు

రాష్ట్రం పంపిన జాబితాకు ఢిల్లీలో ఆమోదం వచ్చిందని తెలిసిన రోజు మా సచివాలయంలో అందరం లేచి నిలబడ్డాం. తర్వాతి కాలమంతా టెండరు నడిచింది, దాని గురించి రాయడానికి పెద్దగా లేదు. ఊరివాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఈ పథకంలో కాంట్రాక్టరు రోడ్డు వేసి వెళ్లిపోడు. అదే ఒప్పందంలో 5 ఏళ్ల నిర్వహణ కూడా ఉంటుంది. గుంత పడితే పూడ్చాలి, కాలువ పూడితే తీయాలి, భుజాల మట్టి సర్దాలి. ఆ డబ్బు రాష్ట్రం ఇస్తుంది, రోడ్డు ఏ స్థితిలో ఉందో ఫొటోలతో చూసి ఇస్తుంది. ఈ సంగతి మైకులో చెప్పించాం, పై గూడెం బడి గోడ మీద కూడా రాయించాం.

ఫిబ్రవరి: మట్టి పని

కాఫీ కోత అయిపోయింది. నలుగురి తోటల్లోనూ గీత మీద ఉన్న చెట్లను వాళ్లే కొట్టుకున్నారు, కలప వాళ్లదే. ఆ తర్వాతే జేసీబీ లోపలికి వచ్చింది. అమ్మమ్మ ఊట దగ్గర పైపు పడేవరకు పక్కనే కూర్చుంది. నీళ్లు కింద పొలంలోకి దిగాయని చూసుకుని వెళ్లింది.

సమాచార బోర్డు పని మొదలవ్వకముందే పెట్టించాం. రోడ్డు పొడవు, మొత్తం ఖర్చు, కాంట్రాక్టరు వివరాలు, గడువు, ఎంత కంకర, ఎంత సిమెంటు అన్నీ తెలుగులో ఉన్నాయి. ఊళ్లో పదో తరగతి చదివిన కుర్రాళ్లు కొందర్ని కూర్చోబెట్టి అందులో ఒక్కో అంకెను టేపుతో ఎలా సరిచూడాలో నేర్పాను. భుజం అంచు నుంచి భుజం అంచుకు 6 మీటర్లుండాలి. పైపు కింద పరుపు వేశాకే పైపు దించాలి. గట్టు పోసేటప్పుడు ఒక్కసారే కుప్ప పోసి తొక్కించడం కుదరదు, పొరలు పొరలుగా పోసి, ప్రతి పొరకూ నీళ్లు చల్లి రోలర్ తిప్పాలి. సైటు దగ్గరే చిన్న ల్యాబ్ ఉండాలి, పరీక్షల రిజిస్టరు ఎవరడిగినా చూపించాలి. కుర్రాళ్లు ఇప్పుడు నాకన్నా ముందే సైటుకు వెళ్తున్నారు. మొన్న ఒక పొర తడి లేకుండా తొక్కిస్తుంటే ఆపి, ఏఈ గారికి ఫోన్ చేసి ట్యాంకర్ తెప్పించారు. మేస్త్రికి కోపం వచ్చింది గానీ పని సరిగ్గా జరిగింది.

రాష్ట్ర నాణ్యతా పరిశీలకుడు వచ్చి వెళ్లారు. ఈ పథకంలో మూడంచెల తనిఖీ ఉంటుంది: పనిచేయించే విభాగం, రాష్ట్ర పరిశీలకులు, జాతీయ పరిశీలకులు. ఎవరొచ్చినా చివరికి మూడింట్లో ఒక మాట రాస్తారు: సంతృప్తికరం, మెరుగుపరచాలి, అసంతృప్తికరం. మాకు మట్టి పనిలో సంతృప్తికరం, ఒక రాతి గోడకు మాత్రం మెరుగుపరచాలి అని వచ్చింది. గోడ వెనక నీళ్లు బయటికొచ్చే రంధ్రాలు తక్కువున్నాయి. కాంట్రాక్టరు ఆ భాగం విప్పి మళ్లీ కడుతున్నాడు. ఆయన మొదట గొణిగినా, గోడ జారితే 5 ఏళ్లు తనే కట్టుకోవాలని ఏఈ గారు గుర్తుచేశాక ఒప్పుకున్నాడు.

మార్చి మొదటి వారం: ప్రస్తుత స్థితి

కింది గూడెం దాకా గట్టు తయారైంది, ట్రాక్టరు వెళ్తోంది. అడవి ముక్కలో 46 చెట్లకు గాను 43 మాత్రమే కొట్టారు. మూడింటిని మలుపు లోపలివైపు వదిలేసేలా కాలువను జరిపాం. హ్యూమ్ పైపు తూముల్లో సగం పైగా పడ్డాయి, ముఖ గోడలకు క్యూరింగ్ నడుస్తోంది. చిన్న గెడ్డ కల్వర్టుకు స్లాబ్ ఇనుము కడుతున్నారు.

మిగిలింది పెద్ద గెడ్డ వంతెన. జూన్ వానల్లోపు పునాదులు గెడ్డ అడుగు దాటి పైకి లేవాలి. లేవకపోతే అక్టోబర్ దాకా ఆ చోట అడుగు పెట్టలేం, పై రెండు గూడేలకు ఇంకో వానాకాలం డోలీ మీదే గడుస్తుంది. అందుకే తారు పనికి కేటాయించిన మనుషుల్ని కూడా కొన్నాళ్లు ఇటు మళ్లించమని అడిగాం, కాంట్రాక్టరు ఒప్పుకున్నాడు. తారు ఎలాగూ కొత్త గట్టు ఒక వాన తిని కుదురుకున్నాకే వేయిస్తాం. కంకర పరచడానికి క్వారీ రాయి నమూనా ల్యాబ్‌లో ఉంది. మొదటి బిల్లుకు ఎం.బుక్ (కొలతల పుస్తకం)లో కొలతలు ఎక్కాయి, ఏఈ గారి చెక్ అయింది, డీఈ గారి సంతకం కావాలి.

వంతెన ఎడమవైపు పునాది తవ్వకం సోమవారం మొదలవుతుంది. గట్టి రాయి ఎంత లోతులో తగులుతుందన్న దాన్ని బట్టి మిగతా షెడ్యూలు ఉంటుంది. అది చూశాక తర్వాతి నోట్సు పెడతాను.